జవాబుకు వదిలిన చోటు

పక్షవాతం వచ్చాక ఆమెకు ఒక్క మాట మిగిలింది. "పోనీ."

ఆకలేస్తే పోనీ. కడుపు నిండితే పోనీ. కిటికీ తెరిచినా, మూసినా, ఒళ్ళు నొప్పి పుట్టినా పోనీ. మనసులో ఏముందో మొహం చూసి పోల్చుకోవాలి. ఆ మొహంలో కూడా సగం కదలదు. అరుదుగా వాడిన మాటలన్నీ ముందే పోయినట్టున్నాయి. రోజూ వాడింది అరిగిపోయి కూడా నాలుకను పట్టుకుని ఉంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఎక్కువసార్లు అన్నది ఆ మాటే. ఎవరి మూలాన అన్నదో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె మొగుణ్ణి గడియారం అనేవాళ్ళు. పగలంతా నీటి మీటర్లు బాగుచేసే షెడ్డులో పని. సాయంత్రాలు ఒక హోటల్ భోజనాల హాల్లో రిథమ్ గిటారు. పాట ఎటు పోయినా అతని కుడిచెయ్యి తప్పేది కాదు. డ్రమ్ములవాడు తాగొచ్చి తూలిన రోజున బ్యాండు మొత్తం అతన్ని పట్టుకునే లేచేది. ఆ పేరు అలా వచ్చింది. అదొక బిరుదనుకుని మురిసిపోయాడు గానీ, గడియారం ఎవరి మాటా వినదన్న సంగతి అతనికి తట్టలేదు.

ఖాళీ అంటే అతనికి పడదు. మీటర్లో ముల్లు ఆగితే చెడిపోయినట్టు లెక్క. వెంటనే మూత విప్పి చెయ్యి పెట్టాలి. మనిషి మాట ఆపినా అతనికి అలాగే తోచేది. ఆమె ఇంట్లో కూర్చుని చొక్కాల దుకాణానికి కాజాలు కుట్టేది. దుకాణంవాడు వచ్చి, "ఎప్పటికిస్తావమ్మా?" అని అడిగితే ఆమె సూది పక్కన పెట్టి ఆలోచించేది. ఆ ఆలోచించే లోపలే ఇతను "ఎల్లుండి" అనేవాడు. ఆమె అక్క వచ్చి, "నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళకూడదటే?" అంటే, "అదెలా కుదురుతుంది, ఇక్కడ పనెవరు చేస్తారు" అనేవాడు. ఆమె సూది మళ్ళీ చేతిలోకి తీసుకుని, "పోనీలే అక్కా" అనేది. కొట్టలేదు, తిట్టలేదు. నోట్లో మాట మాత్రం లాక్కున్నాడు. దానికి ఏ ఊళ్ళోనూ పంచాయితీ లేదు.

ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఉంది. కూతురు, తండ్రి కలిసి ఆమెను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుని, ఆమె కళ్ళలోకి చూసి, నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, పొద్దున ఏం తాగారు?"

"టీ అండీ," అన్నాడు గడియారం. "పంచదార తక్కువ."

"మిమ్మల్ని కాదండీ."

"ఆవిడకి మాట రాదు కదా."

"అందుకే కదా నా దగ్గరికి తెచ్చారు." డాక్టరమ్మ మళ్ళీ అటు తిరిగింది. "మీకు పిల్లలెందరమ్మా?"

"ఒక్కతే," అన్నాడు. నాలుక కరుచుకున్నాడు.

కూతురు తల పట్టుకుంది. "నాన్నా, నీకేమైనా పక్షవాతం వచ్చిందా? అమ్మని అడిగితే నువ్వు మాట్లాడతావేం? నా పెళ్ళప్పుడూ ఇంతే. అబ్బాయి నచ్చాడా అని నన్నడిగితే నువ్వే నచ్చాడన్నావు."

"నచ్చలేదా ఏంటి?"

"నచ్చాడు. అది నేను చెప్పుకునేదాన్ని."

డాక్టరమ్మ నవ్వలేదు. తలలో మాటలుండే చోటు దెబ్బతిందనీ, పాట ఉండే చోటు వేరనీ, అది బాగానే ఉండొచ్చనీ చెప్పింది. మాట రానివాళ్ళు కొందరు పాడగలరు. పాట పట్టుకుని వస్తే దాని వెనకే ఒక్కో మాట రావచ్చు. ఇంట్లోవాళ్ళు రోజూ చెయ్యాలి. "ప్రశ్న అడిగినట్టు ఒక ముక్క పాడండి. ఆగండి. జవాబుకు చోటు వదలండి. కొత్త మాట వచ్చేముందు పెదాలు తడుముకుంటాయి. అప్పుడు మాత్రం ఎవరూ మాట అందించకండి. ఒకసారి వెతుక్కుని దొరక్కపోతే మళ్ళీ వెతుకుతారు. వెతుకుతుండగా మనం చేతిలో పెట్టేస్తే, కొందరు ఇక వెతకడం మానేస్తారు."

"ఆయన గొంతు రేకు ఈడ్చినట్టుంటుంది డాక్టర్," అంది కూతురు. "గిటారు వాయిస్తారు, పర్లేదా?"

"ఇంకా మంచిది."

ఆ సాయంత్రమే గిటారు బీరువా పైనుంచి దించాడు. మంచం పక్కన కూర్చుని వాయించాడు. పాతికేళ్ళుగా హాల్లో వాయించినట్టే, తప్పు లేకుండా, ఆపు లేకుండా. ఆమె గోడ వంక చూస్తూ పడుకుంది. రిథమ్ గిటారు ఎవర్నీ ఏమీ అడగదు. అవతలివాళ్ళు పాడుతుంటే కింద చాప పరుస్తుంది, అంతే. పాడేవాళ్ళు లేని చాప మీద ఎంతసేపు కూర్చుంటారు? వారం తిరిగేసరికి అతనికే అర్థమైంది. అడగడం తనకు రాదు. అడగడం వచ్చినవాడు ఒకడున్నాడు. వాడి గుమ్మం తొక్కనని అతనే ఒట్టు పెట్టుకున్నాడు.

వాణ్ణి వంకర అనేవాళ్ళు. అదే బ్యాండులో లీడ్ గిటారు. తీగను తిన్నగా నొక్కితే పాపమన్నట్టు ఎప్పుడూ పక్కకి లాగి, వంచి వాయించేవాడు. బ్లూస్ అనే పాతకాలపు అమెరికా సంగీతం వాడి ప్రాణం. పాత రికార్డులు గాడి అరిగేదాకా విని నేర్చుకున్నాడు. హాల్లో భోజనాలు సగంలో ఉండగా వంకర సోలో ఎత్తుకుంటే చెంచాలు ఆగిపోయేవి. "కోతి చేష్టలు" అనేవాడు గడియారం. ఒకరోజు అందరి ముందూ అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు వంకర వేళ్ళ కణుపులు వాచి, టైర్ల దుకాణం పైన ఒక గదిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాడు.

మెట్లెక్కి తలుపు కొట్టాడు.

"ఎవరూ, గడియారమా! దారి తప్పిందా, బ్యాటరీ అయిపోయిందా?"

"లోపలికి రమ్మంటావా, లేదా?"

"రమ్మనకపోయినా వస్తావు. నీకు అవతలివాడి జవాబుతో పనేముంది."

గది నిండా రబ్బరు వాసన. స్టూలు మీద కూర్చుని గడియారం నేల చూస్తూ అన్నాడు. "సోలో వాయించడం నేర్పు."

"అరవైలో ఓనమాలా? సోకులన్నావు కదరా."

"అన్నాను."

"కోతి చేష్టలన్నావు."

"అన్నాను. ఇంకా ఏమైనా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి. టైము పడుతుంది, కూర్చో. ముందు ఎందుకో చెప్పు."

చెప్పాడు. పక్షవాతం గురించి, పోనీ గురించి, డాక్టరమ్మ గురించి. వంకర మొహంలో నవ్వు పోయింది. లేచి కింది దుకాణంవాడికి టీ పంపమని కేకేశాడు.

"నేనే వచ్చి చెల్లెమ్మకి వాయించేవాణ్ణి. చూడు ఈ వేళ్ళు." ఎడమచెయ్యి చాపాడు. అల్లంకొమ్మల్లా ఉన్నాయి. "రిథమ్ అయితే కొట్టగలను. తీగ లాగలేను. పెళ్ళాం నీది, అడగాల్సింది కూడా నువ్వే. తియ్యి గిటారు. నీకొచ్చింది వాయించు."

గడియారం మూడు రోజులుగా సొంతంగా సాధన చేసిన ముక్క వాయించాడు. స్వరాలు మెట్లలా ఎక్కి, మెట్లలా దిగాయి. ఎక్కడా ఆగలేదు.

"ఊపిరి ఎప్పుడు పీలుస్తావురా?"

"గిటారుకి ఊపిరేంటి?"

"గిటారుకి లేదు. వినేవాళ్ళకుంటుంది. నువ్వు టైపు మిషను కొట్టావు. నేను ఉత్తరం అడిగాను." వంకర గిటారు మెడ మీద వేలు పెట్టాడు. "ఐదు స్వరాలు. అంతే. నీకు అందులో మూడు చాలు. ఇదిగో, ఇది ఇల్లు. పాట బయల్దేరేదీ ఇక్కణ్ణించే, చేరేదీ ఇక్కడికే. నువ్వు ముక్క వాయించిన ప్రతిసారీ పరుగెత్తి ఇంట్లోకి పోయి తలుపేసుకుంటున్నావు. తలుపేసేశాక ఇంకెవరొస్తారు? వాకిట్లో ఆగు. ఇల్లు కనబడుతూ ఉండాలి, అడుగు పెట్టకూడదు. అప్పుడు అది ప్రశ్న."

గడియారం వాకిట్లో ఆగాడు. ఆగలేక వెంటనే ఇంటి స్వరం కూడా కొట్టేశాడు.

"చూశావా, దూరిపోయావు."

పాఠాలు అలా సాగాయి. షెడ్డు నుంచి తిన్నగా టైర్ల దుకాణానికి. వంకరకు గురువుల్లో ఉండే ఓపిక లేదు, శత్రువుల్లో ఉండే పట్టుదల ఉంది. "లెక్క మీద పడకు, లెక్క దాటాక రా. భోజనానికి పిలిస్తే మొదటి కేకకే లేచి పోతామా?" అనేవాడు. మూడో తీగ దగ్గర ఒక స్వరం చూపించాడు. "కింద నొక్కితే ఏడుపు. ఒక ఫ్రెట్టు, అదే ఒక గడి, పైన నొక్కితే నవ్వు. రెండూ కాదు. కిందే నొక్కి, పావువంతు లాగు. ఏడుపూ కాదు, నవ్వూ కాదు, మధ్యలో ఉంటుంది మనిషి బతుకు. అక్కడ." తీగను బాగా వంచే పెద్ద బెండ్‌కి ఒక్క వేలు సరిపోదు. ఉంగరం వేలితో నొక్కి, వెనక రెండు వేళ్ళు సాయం పెట్టి, మణికట్టు తిప్పి తీగను పైకి తొయ్యాలి. ఎంత తోస్తే చాలో చెయ్యి చెప్పదు, చెవి చెప్పాలి. మీటరు పళ్ళ చక్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించిన చెయ్యి, ఆ తీగను మాత్రం సగం దారిలో వదిలేసేది. పిల్లిని తొక్కినట్టు అరిచేది తీగ.

"పాతకాలంలో చేలల్లో కూలీలు పుట్టించారిది," అన్నాడు వంకర ఒకరోజు. "ఒకడు కేక వేస్తే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. మన నాట్ల పాట లాగే. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఎత్తుకున్న మనిషే అందుకుంటే అది పాట కాదు, పిచ్చి."

"అర్థమైంది."

"కాలేదు. విను. మొదటి వరస అడుగు. రెండో వరస అదే అడుగు, కొంచెం వంచి. మూడో వరసలో మాట మార్చు. 'మా ఆయన నా మాట వినడు. అవునమ్మా, మా ఆయన నా మాట వినడు. చెవిటివాడైనా బాగుండేది, వదిలేసేదాన్ని.' అలాగ. వరసకి నాలుగు బార్లు, బారుకి నాలుగు దెబ్బలు. అందులో రెండు నీవి. రెండు నీవి కావు. ఆ రెండిట్లో నువ్వు వేలు కూడా కదపకూడదు."

గడియారం రెండు బార్లు వాయించి ఆగాడు. ఆగి, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

"నోరు ముయ్యి."

"లెక్క తప్పుతుంది."

"తప్పనీ."

మళ్ళీ వాయించాడు, మళ్ళీ ఆగాడు. "ఇప్పుడు ఎత్తుకోనా?" అన్నాడు.

వంకర కూజాలోంచి గ్లాసు నింపి తెచ్చాడు. "పుక్కిట పట్టు. మింగావంటే చంపుతాను."

బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళు మిటకరించి కూర్చున్నాడు గడియారం. వంకర చూసి చూసి నవ్వాడు. నవ్వుతూనే ఉన్నట్టుండి అడిగాడు. "హాల్లో చివరి టేబుల్ దగ్గర కూర్చునేది చెల్లెమ్మ, గుర్తుందా? ఒకరోజు నేనడిగాను, ఏ పాట వాయించమంటావమ్మా అని. ఏమందో తెలుసా?"

నీళ్ళతో ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏమీ అనలేదు. నోరు తెరిచింది. నువ్వన్నావు, ఆవిడకి పాటల సంగతి ఏం తెలుసు అని."

గడియారానికి గుర్తు రాలేదు. అనేవాళ్ళకు గుర్తుండదు. పడ్డవాళ్ళకుంటుంది. పడ్డ మనిషి దగ్గర ఇప్పుడు ఆ సంగతి చెప్పడానికి మాట లేదు.

ఇంట్లో ఆమె మంచం పక్కన, గ్లాసుడు నీళ్ళు పెట్టుకుని సాధన మొదలుపెట్టాడు. వేళ్ళ చివర్లు పగిలి రక్తం వచ్చింది. తీగ కిందికీ పైకీ చేరక బెంగటిల్లి అరిచినప్పుడల్లా ఆమె బాగున్న కన్ను చిట్లించేది. "అదీ జవాబే," అన్నాడు కూతురితో. "మన వీధి కుక్క కూడా ఆ జవాబే ఇస్తోంది నాన్నా," అంది కూతురు. అంటూనే తల్లి జుట్టు దువ్వింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని ముగించుకుని రోజూ ఇటే వచ్చేది.

ఒక సాయంత్రం పుక్కిట నీళ్ళతో అతను మొదటి వరస అడిగి ఆగాడు. ఆమె తల తిప్పింది. ఉబ్బిన బుగ్గలు చూసింది. నోరు ఒక పక్కకి సాగింది. సగం నవ్వు. మూడు నెలల్లో మొదటిది. అతను నీళ్ళు మింగబోయి ఆపుకున్నాడు. రెండోసారి అదే అడిగాడు, పావువంతు లాగి. ఆగాడు.

ఆమె గొంతులోంచి సన్నగా ఒక కూనిరాగం వచ్చింది. మూడు స్వరాలు, ఒకటి కింద ఒకటి. చివరిది తిన్నగా వెళ్ళి ఇంటి స్వరం మీద కూర్చుంది. అతను వాకిట్లో వదిలిన పాటని ఆమె లోపలికి తీసుకెళ్ళింది.

పాటల సంగతి ఆమెకు ఏం తెలుసని ఎవరో అన్నారట.

ఆ తర్వాత రోజూ వచ్చేది ఆ రాగం. కొన్నాళ్ళకి అందులోకి "పోనీ" చేరింది. ఉత్త పోనీ కాదు. ఒకరోజు మొదటి అక్షరం సాగదీసి, ఒకరోజు రెండోది వంచి. మంచంలో ఉన్న మనిషి అతనికంటే బాగా వంచేది. గడియారం ఈ సంగతులన్నీ డాక్టరమ్మకి ఏకరువు పెట్టాడు. "ఇక దగ్గర్లోనే ఉంది," అందామె. "కొత్త మాట వచ్చేలా ఉంటే మీరేం చేస్తారు?"

"నోట్లో నీళ్ళు పోసుకుంటాను."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నం వంకర తన గిటారు మోసుకుని వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ మంచం దగ్గర నిలబడ్డాడు. "ఏం చెల్లెమ్మా, ఈ మొద్దుకి నేర్పలేక చచ్చాను. నువ్వెలా వేగావమ్మా ఇన్నేళ్ళు?"

అడిగి ఆగాడు. ఆమె చాలాసేపు తీసుకుని, "పోనీ," అంది. ఒక కన్ను నవ్వింది. కూతురు పకాలున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇవాళ నేను గడియారాన్ని," అన్నాడు వంకర. "కింద చాప నేను పరుస్తాను. నువ్వు అడుగు. నీళ్ళేవి?"

కూతురు గ్లాసు అందించింది. వాచిన వేళ్ళతో వంకర నెమ్మదిగా రిథమ్ ఎత్తుకున్నాడు. ఈడ్చుకుంటూ నడిచే మనిషి అడుగుల్లా ఉంది. గడియారం లెక్క దాటనిచ్చి, మొదటి వరస అడిగాడు. ఆగాడు. ఆమె రాగం తీసింది. రెండో వరస. మూడో తీగ ఈసారి సగంలో నిలవలేదు. ఏడుపుకీ నవ్వుకీ మధ్య ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. వంకర కళ్ళు మూసుకుని తల ఊపాడు. పాతికేళ్ళలో గడియారానికి వంకర తల ఊపడం అదే మొదలు.

ఆమె రాగం తియ్యలేదు.

పెదాలు కదిలాయి. ఒకదాన్నొకటి తడుముకున్నాయి. బాగున్న ఎడమచేత్తో దుప్పటి అంచు పట్టుకుంది. వేళ్ళు బిగుసుకున్నాయి, కాజా కుట్టేటప్పుడు సూది పట్టినట్టు. నుదుటి మీద నరం లేచింది. కూతురు మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది.

"నా..." అంది ఆమె.

వంకర రిథమ్ ఆపలేదు. ఒక బారు గడిచింది.

"నా... కు..."

నాకు. పోనీ కాని మాట. ఆమె కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి. పెదాలు ఇంకో మాట కోసం మళ్ళీ తడుముకుంటున్నాయి. ఇంకో బారు ఉంది. ఆ బారు అతనిది కాదు.

గుటుక్కున చప్పుడైంది.

"నీళ్ళా!" అన్నాడు గడియారం. నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి, కళ్ళు కూడా. "నీళ్ళు కావాలా? నాకు నీళ్ళు కావాలి అంటోందే! విన్నావా, మీ అమ్మ మాట్లాడిందే! తే, నీళ్ళు తే!"

కూతురు కదల్లేదు. అతనే లేచి, గిటారు మంచానికి కొట్టుకుంటున్నా చూసుకోకుండా, గ్లాసు తెచ్చి ఆమె పెదాలకు ఆనించాడు.

ఆమె అతన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతను బతికిపోయేవాడు. కోపం తీర్చొచ్చు. దుప్పటి అంచు పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. ఒక గుక్క తాగింది. దాహం వేసి కాదు. ఇచ్చాడు కనక.

"పోనీ," అంది. రాగం లేదు అందులో.

వంకర అప్పటికి ఆపాడు. గిటారు సంచిలో పెట్టి జిప్పు లాగాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. తిట్టడానికి వాడి దగ్గర చాలా ఉంది, నోరంతా దానికే పుట్టింది. "ఇంకొక్క బారురా," అన్నాడు. మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పుక్కిట నీళ్ళు పట్టి అడిగాడు. ఆమె గోడ వంక తిరిగి ఉంది. ఆ మర్నాడూ అడిగాడు. బుగ్గలు ఇంకా పెద్దగా ఉబ్బించాడు, కోతిలా. వాకిట్లో ఆగాడు, ఇల్లు కనబడుతూనే ఉంది, లోపలికి తీసుకెళ్ళే మనిషి లేవలేదు. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆమె అంతా విని, తిట్టలేదు, ఓదార్చలేదు. "అడుగుతూ ఉండండి," అంది. ఆస్పత్రుల్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు.

అడిగాడు. ఇప్పుడు అతనికి ఆగడం వచ్చింది. రెండు బార్లు కాదు, వీధి దీపాలు వెలిగేదాకా ఆగమన్నా ఆగగలడు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు ఎంత పచ్చగా ఉంటే ఏం లాభం.

నాకు అన్నాక ఏం రావాలి? షెడ్డులో మీటరు మూత విప్పినా అదే ఆలోచన. నాకు నొప్పి. నాకు భయం. నాకు ఆ పాట ఇష్టం. నాకు అక్క ఇంటికి వెళ్ళాలని ఉంది. నాకు నువ్వు వద్దు. నాకు నువ్వు కావాలి. ఆ మాట తర్వాత ఏదైనా రావచ్చు, లోకమంతా రావచ్చు. అతను అందులో నీళ్ళు పోశాడు. ఒకసారి ఆమె చెవి దగ్గర వంగి, ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పి, "ఇదేనా? పోనీ ఇదా?" అని అడిగాడు. అన్నిటికీ ఒకే జవాబు ఇచ్చింది. మధ్యలో కూతురు వచ్చి అతని భుజం పట్టుకుని లేపింది. "చాలు నాన్నా. పరీక్ష పెట్టకు."

వానలు తగ్గాక రెండోసారి వచ్చింది పక్షవాతం. ఈసారి పోనీ కూడా పట్టుకుపోయింది. నాలుగు రోజులు ఆస్పత్రి మంచం మీద ఊపిరి మాత్రం అందుకుంది. తర్వాత అదీ అందుకోలేదు.

ఆమె సామాను కూతురు సర్దింది. సూదుల డబ్బా, దారాలు, సగంలో ఆగిన చొక్కా ఒకటి. ఆ చొక్కాకి కాజాల గాట్లు ఐదు కోసి ఉన్నాయి, అందులో మూడే కుట్టి ఉన్నాయి. దుకాణంవాడు వచ్చి, "ఇది ఇవ్వమంటారా?" అని అడిగాడు. గడియారం నోరు తెరిచి, కూతురి వంక చూసి, మూశాడు. కూతురు ఇవ్వలేదు.

చాలా నెలల తర్వాత వంకర వచ్చాడు. హోటల్ భోజనాల హాల్లో పాత వాద్యగాళ్ళందరినీ ఒక సాయంత్రం పిలిచారట. "రిథమ్ నేను కొడతాను. నువ్వు రా," అన్నాడు. గడియారం రానన్నాడు. వంకర వినలేదు. వినకపోవడం నేర్పింది నువ్వే కదా అన్నాడు.

హాలు మారలేదు. చివరి టేబుల్ దగ్గర ఎవరో కుటుంబం తింటోంది. గడియారం స్టూలు మీద కూర్చుని, పక్కన గ్లాసులోంచి నీళ్ళు పుక్కిట పట్టాడు. బుగ్గలు ఇప్పుడు పెద్దగా ఉబ్బవు. అలవాటైపోయింది. వంకర ఈడ్చుకుంటూ ఎత్తుకున్నాడు.

లెక్క దాటాక గడియారం అడిగాడు. వాకిట్లో నిలబడ్డాడు. రెండు బార్లు చెయ్యి తీగల మీద నుంచి తీసేశాడు. చెంచాలు ఆగిపోయాయి. మళ్ళీ అదే అడిగాడు, పావువంతు లాగి. మళ్ళీ చోటు వదిలాడు. చివరి టేబుల్ దాకా పరుచుకుంది ఆ చోటు. మూడో వరసలో మాట మార్చాడు, ఇంట్లోకి మాత్రం వెళ్ళలేదు. వంకర ఒక్కడే వెళ్ళి పాట ముగించాడు.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. ముందు టేబుల్ దగ్గర ఒక పెద్దమనిషి లేచి వచ్చి చెయ్యి కలిపాడు.

"ఆ ఆగడం ఉంది చూశారూ, అది అందరికీ రాదండీ. ఎన్నాళ్ళు పట్టింది నేర్చుకోవడానికి?"

వంకర జవాబు చెప్పబోయి, మానేశాడు. గిటారు సంచి కోసం అటు తిరిగాడు.

పెద్దమనిషి నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. గడియారం నోట్లో నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, వెచ్చబడి. అతను మింగలేదు.